ఏటి అవతలి పొరుగువాడితో ఒక ఆట



పోయిన వారం కూడిక అయిపోయాక మన యవ్వనస్థుల్లో ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచి, కాస్త నవ్వుతూ అడిగాడు. "అయ్యగారండీ, మీరు లివర్‌పూల్ ఫ్యాన్ అని మా అందరికీ తెలుసు. ఫైనల్ అంటే సరే. కప్పూ లేదు, పాయింట్లూ లేవు, ఉత్త ఫ్రెండ్లీ మ్యాచ్ కోసం కూడా అర్ధరాత్రి దాకా ఫోన్ పట్టుకుని కూర్చుంటారంట కదా. అమ్మగారు చెప్పారు. దాని వల్ల ఏం ఉపయోగం అండీ?"

అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అవును, ఎందుకు చూస్తున్నాను? ఆలోచించిన కొద్దీ నాకొక అభిప్రాయం గట్టిపడింది. దానితో పాటు నన్ను నేనే తప్పుపట్టుకోవలసిన సంగతి కూడా ఒకటి బయటపడింది. రెండూ మీ ముందు పెడతాను. ఓపికతో చదవండి.

మనలో చాలామందికి క్రికెట్ తెలిసినంతగా ఫుట్‌బాల్ తెలియదు కాబట్టి ముందుగా రెండు మాటలు. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ సీజన్ ఆగస్టులో మొదలై మే నెలలో ముగుస్తుంది. జూన్‌లో ఆటగాళ్లకు సెలవులు. జూలైలో ఒళ్లు బరువెక్కి తిరిగి వస్తారు. అసలు పోటీలు మొదలయ్యేలోగా ఊపిరి సర్దుకోవడానికి, కాళ్లు కదలడానికి కొన్ని మ్యాచ్‌లు ఆడతారు. వీటినే ప్రీ-సీజన్ ఫ్రెండ్లీ అంటారు. పరీక్షకు ముందు పిల్లలు ఇంట్లో రాసుకునే మోడల్ పేపర్ లాంటివి. గెలిస్తే ఎవరూ ఊరేగించరు, ఓడితే ఎవరూ ఏడవరు.

నేను ఎక్కువగా తలుచుకునే ఫ్రెండ్లీ 2019 జూలై 11, గురువారం నాడు జరిగింది. లివర్‌పూల్ జట్టు మెర్సీ నది దాటి బర్కెన్‌హెడ్ పట్టణానికి వెళ్లి, అక్కడి ట్రాన్‌మియర్ రోవర్స్ జట్టుతో ఆడింది. అక్కడ సాయంత్రం, మనకు అర్ధరాత్రి వేళ.

ఈ రెండు ఊళ్లూ ఎలా ఉంటాయో మనకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే, గోదావరికి ఈ పక్క రాజమండ్రి, ఆ పక్క కొవ్వూరు ఉన్నట్టు. మధ్యలో ఏరు. ఒడ్డున నిలబడితే అవతలి ఊరి దీపాలు కనబడతాయి. ఈ నది మీద పడవ నడిపే హక్కును 1330లో మూడవ ఎడ్వర్డ్ రాజు బర్కెన్‌హెడ్ మఠంలోని సన్యాసులకు రాసి ఇచ్చాడు. అంటే దాదాపు 700 సంవత్సరాల క్రితమే, దైవసేవకులే ఈ ఒడ్డు మనుషుల్ని ఆ ఒడ్డుకు దాటించేవారు. నాకు ఈ సంగతి ఎంతో ఇష్టం. 1886లో నది కింద రైలు సొరంగం వచ్చింది, 1934లో రోడ్డు సొరంగం వచ్చింది. ఇప్పుడు దాటడానికి నిమిషాలు చాలు. అయినా ఏరు ఏరే. అవతలివాడు అవతలివాడే.

లివర్‌పూల్ ఎంత పెద్ద క్లబ్బో నేను చెప్పక్కర్లేదు. ట్రాన్‌మియర్ సంగతి వేరు. 1884లో రెండు క్రికెట్ క్లబ్బుల కుర్రాళ్లు కలిసి పెట్టుకున్న జట్టు అది. 1912 నుంచి ప్రెంటన్ పార్క్ అనే మైదానంలో ఆడుతోంది. అందులో సుమారు 16,500 మంది పడతారు. ఏటికి అవతల రెండు మహావృక్షాలు, లివర్‌పూల్, ఎవర్టన్. ఆ నీడలో పెరిగిన చిన్న మొక్క ట్రాన్‌మియర్. దాని దగ్గర మంచి కుర్రాడు తయారైతే ఏరు దాటి పోవడమే. బర్కెన్‌హెడ్‌లో పుట్టిన డిక్సీ డీన్ ట్రాన్‌మియర్‌లోనే ఆట మొదలుపెట్టాడు. 1925లో 3,000 పౌండ్లకు ఎవర్టన్ కొనుక్కుంది. 1927-28 సీజన్‌లో అతను ఒక్కడే లీగ్‌లో 60 గోల్స్ కొట్టాడు. ఇంగ్లండ్ మొదటి డివిజన్‌లో ఆ రికార్డును ఇంతవరకు ఎవరూ దాటలేదు. పేరు ఎవర్టన్‌కు వచ్చింది. కన్నది మాత్రం ఈ చిన్న ఊరు.

ఇక బతకడానికి ఈ చిన్న క్లబ్బు ఏం చేసేదో వినండి. శనివారం మధ్యాహ్నం ఊళ్లోవాళ్లు లివర్‌పూల్ ఆటకో ఎవర్టన్ ఆటకో ఏరు దాటి వెళ్లిపోతారు కదా. అందుకని ట్రాన్‌మియర్ చాలా కాలం తన సొంత మైదానపు ఆటలు శుక్రవారం రాత్రి పెట్టుకునేది. శుక్రవారం మాకు రండి, శనివారం మీ ఇష్టమొచ్చిన చోటికి పోండి అన్నట్టు. ఇందులో అసూయ లేదు, అలక లేదు. ఉన్నంతలో సర్దుకునే పేదవాడి తెలివి ఉంది. పెద్దింటి పెళ్లి ఉన్న ముహూర్తం వదిలేసి, ముందురోజే తన బిడ్డ పెళ్లి చేసుకునే బీద తండ్రి మీకు తెలియడా?

ఇప్పుడు ఆ 2019 మ్యాచ్ దగ్గరికి వద్దాం. ఆ ఏడాది మే 25న ట్రాన్‌మియర్ వెంబ్లీలో న్యూపోర్ట్ కౌంటీ మీద 1-0తో గెలిచి పై డివిజన్‌కు ఎక్కింది. అంతకు ముందు 2015లో ఆ క్లబ్బు, 1921 నుంచి ఉన్న ఫుట్‌బాల్ లీగ్‌లోంచే కింద పడిపోయింది. మూడేళ్లు బయట ఉండి, 2018లో తిరిగి వచ్చి, 2019లో ఇంకో మెట్టు ఎక్కింది. ఇక జూన్ 1న లివర్‌పూల్ మాడ్రిడ్ నగరంలో టాటెన్‌హామ్‌ను 2-0తో ఓడించి యూరప్ ఛాంపియన్ అయింది. అంటే వారం తేడాలో ఏటికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా పండగే. పెద్దవాడి పండగ లోకమంతా చూసింది. చిన్నవాడి పండగ వాళ్ల వీధుల్లో జరిగింది.

యూరప్ ఛాంపియన్ అయిన జట్టు, ఆ తరువాత మొట్టమొదటగా ఎక్కడ ఆడింది? న్యూయార్క్‌లో కాదు. పక్క ఊళ్లో, ఆ చిన్న మైదానంలో. ఆ సాయంత్రం లివర్‌పూల్ 6-0తో గెలిచింది. సలా లేడు, మానే లేడు, ఫిర్మినో లేడు, గోల్‌కీపర్ అలిసన్ లేడు. పేరు తెలియని పిల్లలు చాలామంది ఆడారు. నథానియల్ క్లైన్ మొదటి గోల్ కొట్టాడు, రియాన్ బ్రూస్టర్ రెండు, కర్టిస్ జోన్స్ ఒకటి, ఒరీగి ఒకటి, బాబీ డంకన్ ఒకటి. 2016 నుంచి 2019 దాకా ప్రతి జూలైలోనూ లివర్‌పూల్ అదే మైదానానికి వెళ్లింది. 1-0, 4-0, 3-2, 6-0. నాలుగుసార్లూ లివర్‌పూలే గెలిచింది. ఆ నాలుగు స్కోర్లూ నేను వెతికి రాసుకున్నాను. నా జట్టువాళ్లలో చాలామందికి అవి గుర్తుండవు. అవతలి ఒడ్డున గుర్తుంటాయి. 3-2 అయిన రోజు మరీ గుర్తుంటుంది.

ప్రియులారా, నా అభిప్రాయం ఇదే. సీజన్‌లో మొదటి ఆట పొరుగువాడికి చెందాలి. పెద్ద జట్టు సముద్రాలు దాటక ముందు తన ఊరి ఏరు దాటాలి. అది దయ కాదు, దానం కాదు. బాకీ. పక్కనే ఉండి, నీ నీడలో ఎండ తగలక బతికినవాడికి నువ్వు చెల్లించవలసిన బాకీ.

దీనికి అడ్డు చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటల్లోనూ నిజం ఉంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి మాట: "ఆరు గోల్స్ కొట్టించుకోవడం చిన్న జట్టుకు అవమానం కాదా? సొంత మనుషుల ముందు తలవంపులు కాదా?" నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ ఒకటి గమనించండి. పోటీలో ఆరు గోల్స్ పడితే అవమానం. పందెం లేని ఆటలో ఆరు గోల్స్ పడితే అది పాఠం. ఆ రోజు ట్రాన్‌మియర్ గేటు దగ్గర టిక్కెట్టు కొన్న తండ్రి తన కొడుకును భుజాన ఎక్కించుకుని, టీవీలో చూసిన చొక్కాలను తన వీధి చివరనే చూపించాడు. ఆ గేటు డబ్బు చిన్న క్లబ్బుకు జీతాల సాయం. ఆ సాయంత్రపు ఓటమి లీగ్ పట్టికలో ఎక్కడా రాయబడలేదు. పోయింది ఏమీ లేదు, వచ్చింది కొంత ఉంది.

పైగా చిన్నవాడు ఎప్పుడూ చిన్నవాడిగానే ఉంటాడని ఎవరు చెప్పారు? 2001 జనవరిలో ఎఫ్‌ఏ కప్పులో ఈ ట్రాన్‌మియరే ఎవర్టన్ ఇంటికి వెళ్లి 3-0తో ఓడించి వచ్చింది. తరువాతి నెల సౌతాంప్టన్ మీద మూడు గోల్స్ వెనకబడి, ఆఖరుకు 4-3తో గెలిచింది. ఆ మీదట క్వార్టర్ ఫైనల్లో లివర్‌పూల్‌తో తలపడి 2-4తో ఓడింది. అప్పుడు ట్రాన్‌మియర్ మేనేజర్ ఎవరనుకున్నారు? జాన్ ఆల్డ్రిడ్జ్. లివర్‌పూల్‌లో పుట్టి, లివర్‌పూల్‌కు గోల్స్ కొట్టినవాడు. చూశారా, ఏరు మనుషుల్ని రెండు వైపులా దాటిస్తూనే ఉంటుంది. ఇవాళ తేలిగ్గా చూసినవాడు రేపు నీ ఇంటికే వచ్చి నిన్ను ఓడించగలడు. ఆ భయం కూడా ఆరోగ్యమే.

రెండో మాట: "బలహీనులతో ఆడితే ఏం నేర్చుకుంటారు? బలవంతులతో ఆడాలి." ఇది ఆట తెలిసినవాళ్లు అనే మాటే. కానీ జూలైలో నేర్చుకోవలసింది పెద్ద ఎత్తులు కాదు. ఊపిరి, అడుగు, పక్కవాడి పిలుపు. ఆ రోజు గోల్ కొట్టిన కర్టిస్ జోన్స్‌నే తీసుకోండి. లివర్‌పూల్ ఊరి కుర్రాడే, అప్పటికి 18 ఏళ్లు. ఆరు నెలలు తిరక్కుండానే, 2020 జనవరి 5న, ఎఫ్‌ఏ కప్పులో ఎవర్టన్ మీద గెలుపు గోల్ అతనే కొట్టాడు. 1-0. ఊరంతా ఊపిరి బిగబట్టి చూసే మ్యాచ్ అది. నేను అనేది ప్రెంటన్ పార్క్ వల్లే ఆ గోల్ వచ్చిందని కాదు. పెద్ద మైదానం మీద భయం లేకుండా నిలబడాలంటే, ముందుగా ఎక్కడో ఒక చిన్న మైదానం మీద నిలబడనివ్వాలి. ఎవరూ పెద్దగా చూడని చోట పిల్లవాడికి అవకాశం ఇచ్చేది పొరుగువాడి వాకిలే.

మూడో మాట: "దెబ్బలు తగిలితే ఎవరు బాధ్యులు? లెక్కలోకి రాని ఆటలో కాలు విరగ్గొట్టుకోవాలా?" దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. ఆ రోజే ఆ మైదానంలోనే పాల్ గ్లాట్జెల్ అనే 18 ఏళ్ల లివర్‌పూల్ కుర్రాడికి మోకాలి నరం తెగింది. కొద్ది నెలల ముందే యూత్ కప్పు గెలిచిన జట్టులోని పిల్లవాడు. ఆ దెబ్బతో అతనికి సీజన్ మొత్తం పోయింది. స్కోరు 6-0 అని సంతోషంగా పడుకున్న నేను, ఆ సంగతి తరువాత తెలుసుకుని చాలా బాధపడ్డాను. పందెం లేని ఆటకు ఖర్చు లేదని ఎవరైనా అంటే నమ్మకండి.

కానీ ఆ కథలో ఇంకో రెండు మాటలు ఉన్నాయి. అదే సాయంత్రం మొదటి గోల్ కొట్టిన క్లైన్, వారం తిరిగేసరికి అమెరికాలో డార్ట్‌మండ్ జట్టుతో ఆడుతూ అలాంటి మోకాలి దెబ్బే తిన్నాడు. అదీ ఫ్రెండ్లీయే. కాబట్టి ప్రమాదం పొరుగూరిలో లేదు, ఆటలోనే ఉంది. సముద్రం దాటినా అది వెంట వస్తుంది. ఇక రెండోది. గ్లాట్జెల్ కోలుకున్నాక, 2021లో, ఆట వెతుక్కుంటూ అరువు మీద ఒక క్లబ్బుకు వెళ్లాడు. ఏ క్లబ్బుకు? ట్రాన్‌మియర్ రోవర్స్‌కే. తాను కూలిపోయిన గడ్డి మీదికే తిరిగి వచ్చి పరుగెత్తాడు. పడిన చోటే లేచి నిలబడిన మనిషి కథ చదివినప్పుడల్లా నా మనసు కరుగుతుంది. అక్కడ ఆ చిన్న క్లబ్బే లేకపోతే, ఆ కుర్రాడు ఎక్కడికి వెళ్లేవాడు?

నాలుగో మాట నాలాంటి వాళ్లదే: "దూరాన ఉన్న అభిమానుల సంగతేంటి?" ఆ 2019లోనే లివర్‌పూల్ తరువాత అమెరికా వెళ్లి, నోటర్‌డామ్‌లో, బోస్టన్‌లో, న్యూయార్క్‌లో ఆడింది. దూరదేశాల వాళ్లు తమ జట్టును కళ్లారా చూశారు. ఆ జట్టు ఒకనాడు మన దేశానికి రావాలని, హైదరాబాద్‌లోనో కలకత్తాలోనో ఆడాలని కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. వస్తే అప్పు చేసి అయినా వెళ్లి చూస్తానేమో. అయినా చెబుతున్నాను, ముందు మాది కాదు వంతు. నేను ఆ జట్టును ప్రేమించింది ఫోన్లో. ట్రాన్‌మియర్ వాళ్లు ఆ జట్టు పక్కన బతికారు. వాళ్ల సొంత ఊళ్లోనే సగం మంది పిల్లలు ఎర్ర చొక్కా వేసుకుంటే చూస్తూ సహించారు. దూరపు చుట్టానికి విందు పెట్టే ముందు పక్కింటికి గిన్నెడు కూర పంపడం మన ఇళ్లలో ఆడవాళ్లకు ఒకరు నేర్పాలా? అదే పద్ధతి.

ఇప్పుడు సంఘంగా మనకు దగ్గరగా ఉన్న సంగతి ఒకటి చెబుతాను. ఈ ఆట గొడవ మనకెందుకు అనుకునే పెద్దలు కూడా ఇది వినాలి.

ఎవర్టన్ క్లబ్బు పుట్టింది ఒక మందిరంలో. లివర్‌పూల్ నగరంలోని సెయింట్ డొమింగో అనే మెథడిస్టు మందిరానికి బెన్ స్విఫ్ట్ ఛాంబర్స్ గారు పాదిరిగా ఉండేవారు. అక్కడి యవ్వనస్థులు ఎండాకాలంలో క్రికెట్ ఆడేవారు. చలికాలంలోనూ వాళ్లకు ఒక ఆట ఉండాలని 1878లో ఫుట్‌బాల్ మొదలైంది. మరుసటి ఏడాది ఆ జట్టు ఎవర్టన్ అని పేరు మార్చుకుంది. 1884 నుంచి ఆన్‌ఫీల్డ్ మైదానంలో అద్దెకు ఆడేది. ఈ రోజు లివర్‌పూల్ మైదానం అని లోకమంతా చెప్పుకునే ఆన్‌ఫీల్డ్ ఒకప్పుడు ఎవర్టన్ ఇల్లు!

మరి ఏమైంది? అద్దె గొడవ వచ్చింది. మైదానం వ్యవహారం చూసే జాన్ హోల్డింగ్ గారు సారా వ్యాపారి, క్లబ్బులోనూ పెద్ద మనిషి. అద్దె పెంచుకుంటూ పోయాడు. ఎదురు నిలిచిన వాళ్లకు ముందు నడిచిన జార్జ్ మహోన్ గారు అదే మందిరంలో ఆర్గన్ వాయించే మనిషి. లెక్కల దగ్గర, స్థలం దగ్గర, ఎవరి మాట నెగ్గాలనే దగ్గర చీలిక వచ్చింది. 1892లో ఎవర్టన్ వాళ్లు లేచి స్టాన్లీ పార్కు అవతలకు వెళ్లి గూడిసన్ పార్క్ కట్టుకున్నారు. ఖాళీ మైదానం మిగిలిన హోల్డింగ్ కొత్త జట్టు పెట్టాడు. అదే లివర్‌పూల్. నేను ప్రాణంగా చూసే జట్టు ఒక తగాదాలో పుట్టిందన్నమాట. ఆ కొత్త జట్టు 1892 సెప్టెంబరు 1న ఆన్‌ఫీల్డ్‌లో ఆడిన తొలి ఆట ఏమిటో తెలుసా? రోథర్‌హామ్ టౌన్‌తో ఒక ఫ్రెండ్లీ. 7-1.

స్థలం, అద్దె, లెక్కలు, పెద్దరికం. ఈ నాలుగు మాటలు చదివినప్పుడు మీలో ఎవరికైనా ఏదైనా గుర్తుకు వచ్చిందా? నాకు వచ్చింది.

అయినా ఆ దాయాదులు ఒకరికొకరు ఏమయ్యారో చూడండి. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాట వల్ల 97 మంది లివర్‌పూల్ అభిమానులు చనిపోయారు. వారం తరువాత అభిమానులు గూడిసన్ పార్క్ నుంచి ఆన్‌ఫీల్డ్ దాకా, స్టాన్లీ పార్కు మీదుగా, మెడకు చుట్టుకునే ఎర్ర గుడ్డలూ నీలం గుడ్డలూ ముడివేసి కట్టారు. దాదాపు మైలు దూరం. 97 ఏళ్ల క్రితం అద్దె గొడవతో విడిపోయిన రెండు ఇళ్ల మధ్య, దుఃఖం వచ్చిన రోజున గుడ్డల వంతెన పడింది.

నేను అడిగేది ఒక్కటే. ఆ ముడి వేయడానికి చావు దాకా ఆగాలా? ఏ పందెం లేని రోజున, ఏ దుఃఖం లేని రోజున, ఊరికే ఒకసారి వెళ్లి రాకూడదా? ఫ్రెండ్లీ మ్యాచ్ అంటే నా దృష్టిలో అదే. గెలవడానికి కాదు, ఓడించడానికి కాదు. దారి మూసుకుపోకుండా, గడ్డి మొలవకుండా, సంవత్సరానికి ఒక్కసారైనా ఆ దారిన నడవడం. కష్టం వచ్చిన రోజున దారి వెతుక్కోనక్కర లేకుండా.

ఇప్పుడు నా తప్పు చెప్పుకుంటాను.

మన మందిరానికి కాలువ అవతల ఇంకో మందిరం ఉంది. ఒకప్పుడు మనమూ వాళ్లూ ఒక్కటే. ఎందుకు విడిపోయామో మీలో పెద్దలకు తెలుసు, ఇక్కడ తవ్వను. వాళ్ల తప్పు ఎంతో మన తప్పు ఎంతో కొలిచే తూనిక నా దగ్గర లేదు. మనకూ వాళ్లకూ మధ్య ఉన్నది మెర్సీ నది కాదు, మోకాలి లోతు కాలువ. దాని మీద సిమెంటు వంతెన కూడా ఉంది. నేను అర్ధరాత్రి మేలుకుని, వేల మైళ్ళ అవతల ఉన్న ఒక జట్టు ఏరు దాటినందుకు మెచ్చుకున్నాను. ఈ కాలువను మాత్రం ఏళ్ల తరబడి దాటలేదు. అక్కడ ఎవరైనా చనిపోతే తప్ప. అప్పుడు కూడా దండ వేసి, ప్రార్థన చేసి, భోజనానికి కూర్చోకుండా తిరిగి వచ్చేశాను. ఆ తమ్ముడు అడిగిన ప్రశ్న నన్ను నిద్రపోనివ్వనిది ఇందుకే.

ప్రతి వేసవిలో మన కుర్రాళ్లూ వాళ్ల కుర్రాళ్లూ క్రికెట్ టోర్నమెంట్‌లో ఎదురుపడతారు. ఎంట్రీ ఫీజు, ప్రైజ్ మనీ, ఎవరో పెద్దాయన ఇచ్చే కప్పు. ప్రతి ఏడూ అంపైర్ దగ్గర గొడవ. వైడ్ అంటాడొకడు, కాదంటాడొకడు. సాయంత్రానికి ఆ గొడవ పిల్లల నుంచి తల్లిదండ్రులకూ, తల్లిదండ్రుల నుంచి సంఘాలకూ పాకుతుంది. ఆలోచించండి, మన పిల్లలు ఒకరినొకరు చూసుకునేది పందెం ఉన్న రోజున మాత్రమే. పందెం లేని రోజున ఒకరి మొహం ఒకరు చూడరు. మరి వాళ్లకు ప్రత్యర్థి తప్ప పొరుగువాడు ఎక్కడ కనబడతాడు?

అందుకని ఒక మనవి. ఈసారి టోర్నమెంట్‌కు ముందు వాళ్లతో ఒక ఆట ఆడుదాం. కప్పు వద్దు, ఫీజు వద్దు, స్కోరు రాసే పుస్తకం కూడా వద్దు. వాళ్ల చెరువు గట్టు దగ్గరి మైదానంలోనే ఆడుదాం. మనమే దాటి వెళ్దాం, ఎందుకంటే సంఖ్యలో మనమే ఎక్కువ. దాటవలసింది ఎప్పుడూ పెద్దవాడే. ఆటయ్యాక మన స్త్రీల సమాజం వాళ్లు వండిన పులిహోర అందరం కలిసి కూర్చుని తిందాం. ఈసారి నేను తినకుండా తిరిగి రాను. ఆ సంఘం పాదిరి గారికి నేను ఈ వారమే ఫోన్ చేస్తాను. ఆయన వద్దంటే నొచ్చుకోను, వచ్చే ఏడు మళ్లీ అడుగుతాను.

తమ్ముడూ, నువ్వు అడిగిన దానికి నా జవాబు ఇదీ. ఆ ఆట వల్ల ఏ ఉపయోగమూ లేదు కాబట్టే చూస్తాను. లెక్కలోకి రాని రోజున మనిషి పక్కవాడితో ఎలా ఉన్నాడో, అదే అతని అసలు స్కోరు.

నీ బ్యాటు తుడిచి పెట్టుకో. ఓపెనింగ్ మాత్రం వాళ్లకే ఇద్దాం.

మీ పాదిరి